ఏది ముందు పోవాలి? కావాలని చేసే ఓవర్‌లోడ్, మర్చిపోలేని మూడు పవర్ సప్లైలు

మీరు అడిగినవి మూడు. పాత బోర్డుల నుంచి పీకిన రెసిస్టర్లు, కెపాసిటర్లు కావాలని కాల్చి చూస్తే ఏమైనా నేర్చుకోవచ్చా, లేక పొగ తప్ప ఏమీ మిగలదా? ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత అడాప్టరుని దాని మీద రాసిన కరెంటు కంటే ఎక్కువ లాగితే ఏమవుతుంది? రిపేరు పనిలో ఏళ్లు గడిపినవాళ్లకి బాగా గుర్తుండిపోయిన పవర్ సప్లై ఫెయిల్యూర్లు ఏవి? నేను ఇరవై రెండేళ్లుగా సప్లైలు బాగుచేస్తున్నాను. అందులో ఆరేళ్లు వాటిని తయారుచేసే చోట టెస్టింగ్ బెంచ్ మీద ఉన్నాను. అక్కడ నా ఉద్యోగమే వాటిని పాడుచేయడం. అందుకే మీ మూడు ప్రశ్నలూ నాకు ఒకటే ప్రశ్నలా కనిపిస్తున్నాయి: ఏదో ఒకటి పోక తప్పనప్పుడు ఏది ముందు పోవాలి?

ముందు ఆ టెస్టింగ్ ఎలా ఉంటుందో చెబుతాను. సప్లైని బల్ల మీద పెట్టి, కింద టిష్యూ కాగితం పరిచి, పైన పల్చటి నూలుగుడ్డ కప్పుతాం. తర్వాత ఒక్కొక్క భాగాన్నీ కావాలని పాడుచేస్తాం. ఔట్‌పుట్ డయోడు కాళ్లకి తీగ వేసి షార్ట్ చేస్తాం. ఔట్‌పుట్ ఎంతుందో వెలుతురు ద్వారా వెనక్కి చెప్పే ఆప్టోకప్లర్ కాలు ఒకటి లేపుతాం. ఫ్యాన్ తిరగకుండా ఆపుతాం. ఔట్‌పుట్‌ని కొద్దికొద్దిగా ఓవర్‌లోడ్ చేస్తూ గంటల తరబడి వదిలేస్తాం. పాత భద్రతా ప్రమాణం ఐఈసీ (అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్) 60950-1, దాని స్థానంలోకి వచ్చిన 62368-1, రెండూ ఈ పని చేసి చూడమనే అంటాయి. సప్లై మళ్లీ పనిచేయాలని ఎవరూ అడగరు. పోతే పోనివ్వండి. గుడ్డ అంటుకోకూడదు, కరెంటు వైపు నుంచి మనం ముట్టుకునే వైపుకి వోల్టేజీ దాటకూడదు. అంతా అయిపోయాక ప్రైమరీకి (ఇంటి కరెంటు వచ్చే వైపు), సెకండరీకి (ఔట్‌పుట్ వైపు) మధ్య వేల వోల్టులు పెట్టి ఇన్సులేషన్ ఇంకా నిలిచి ఉందో లేదో మళ్లీ చూస్తాం. మంచి డిజైన్ అంటే ఎప్పటికీ పాడవనిది అని నేను ఆ ఉద్యోగంలో చేరకముందు అనుకునేవాణ్ని. ఎలా పాడవ్వాలో ముందే ఆలోచించి పెట్టినదాన్నే ఇప్పుడు మంచి డిజైన్ అంటాను.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకి జవాబు: తప్పకుండా నేర్చుకోవచ్చు, మీటరు చేతిలో పెట్టుకుని చేస్తే. రెసిస్టరుతో మొదలుపెట్టండి, అన్నిటికంటే నిదానంగా పాఠం చెప్పేది అదే. పావు వాటు కార్బన్ ఫిల్మ్ 100 ఓమ్‌లది ఒకటి తీసుకోండి. ముందు దాని విలువ కొలిచి రాసుకోండి. కరెంట్ లిమిట్ ఉన్న బెంచ్ సప్లై నుంచి 5 వోల్టులు ఇస్తే 50 మిల్లీఆంపియర్లు, సరిగ్గా పావు వాటు. అప్పటికే దాని మీద వేలు ఆనించి ఉంచలేరు. చాలామంది ఇక్కడే ఆశ్చర్యపోతారు. పావు వాటు అంటే హాయిగా మోసే బరువు అనుకుంటారు, నిజానికి అది గరిష్ఠ హద్దు, అదీ చుట్టూ గాలి ఆడే చోట. 7 వోల్టులకి దాదాపు అర వాటు. 10 వోల్టులకి ఒక వాటు. 12కి 1.44. వోల్టేజీ రెట్టింపైతే వేడి నాలుగింతలన్నది పుస్తకంలో చదివినప్పుడు వంటబట్టదు, ఈ బుల్లి రెసిస్టరు పక్కన కూర్చుంటే పడుతుంది. మొదట పెయింటు వాసన వస్తుంది. తర్వాత రంగు గీతలు ముదురుతాయి. గోధుమ, నలుపు, బంగారు రంగు అన్నీ ఒకే కాఫీ రంగులోకి దిగిపోతాయి. ఇక్కడ ఆపేయండి. చల్లారాక మళ్లీ కొలవండి. చూడటానికి మాడిపోయినా అది ఇంకా రెసిస్టరే, కానీ విలువ మొదటి విలువ కాకపోవచ్చు. రిపేరుకి వచ్చిన బోర్డులో గీతలు నల్లబడిన రెసిస్టరుని "కొలిస్తే బానే చూపిస్తోంది" అని వదిలేయకూడదని నాకు అర్థమైంది ఈ ప్రయోగంతోనే.

ఇందులో సమయం ఎంత ముఖ్యమో కూడా గమనించండి. రెసిస్టర్లకి మామూలుగా చేసే ఓవర్‌లోడ్ పరీక్షలో రేటెడ్ వోల్టేజీకి రెండున్నర రెట్లు 5 సెకన్లపాటు ఇస్తారు. అంటే 6.25 రెట్ల పవర్. మంచి రెసిస్టరు దాన్ని తట్టుకుంటుంది, ఎందుకంటే వేడి పోగవడానికి 5 సెకన్లు చాలవు. అదే పవర్ నిమిషంపాటు ఇస్తే తట్టుకుంటుందని నమ్మలేం.

ఫ్యూజు సంగతీ ఇంతే. దాన్ని చాలామంది సగమే అర్థం చేసుకుంటారు. 1 ఆంపియర్ ఫ్యూజు 1 ఆంపియర్ దాటగానే పోతుందనుకుంటారు. ఐఈసీ తరహా ఫాస్ట్ గ్లాస్ ఫ్యూజు ఒకటిన్నర ఆంపియర్లు కనీసం గంటసేపు మోయాలి. 2.1 ఆంపియర్ల దగ్గర అరగంటలోపు పోతే చాలు. 10 ఆంపియర్లు వెళ్తే మాత్రం 20 మిల్లీసెకన్లలో తెగిపోవాలి. ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే, ఫ్యూజు కాపాడేది లోపలి భాగాలని కాదు, తీగలనీ ఇంటినీ అని తెలుస్తుంది. సప్లై లోపల స్విచ్‌లా పనిచేసే మోస్‌ఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్) మైక్రోసెకన్లలో పోతుంది, ఆ తర్వాత ఫ్యూజు తీరిగ్గా తెగుతుంది.

పోయిన ఫ్యూజుని పారేసే ముందు వెలుగులో పెట్టి చూడండి. గాజు శుభ్రంగా ఉండి, తీగ మధ్యలో చిన్నగా తెగి ఉంటే అది నిదానమైన ఓవర్‌లోడ్. గాజు లోపలంతా నల్లగానో అద్దంలాగానో పూత పట్టి ఉంటే గట్టి షార్ట్, తీగ ఆవిరైపోయింది. అలాంటి ఫ్యూజు మార్చి మళ్లీ ఆన్ చేయడమంటే ఇంకో ఫ్యూజు పారేయడమే. ఇంకో మాట. గ్లాస్ ఫ్యూజు పోయిన చోట గ్లాస్, ఇసుక నింపిన సిరామిక్ పోయిన చోట సిరామిక్కే వేయండి. చిన్న గ్లాస్ ఫ్యూజు నిబ్బరంగా తెంచగల కరెంటు 35 ఆంపియర్లు, లేదా దాని రేటింగుకి పది రెట్లు, ఏది ఎక్కువైతే అది. హై బ్రేకింగ్ రకం సిరామిక్‌ది 1500 ఆంపియర్లు. మెయిన్స్ (ఇంటి కరెంటు లైను) మీద షార్టయినప్పుడు ఆ తేడా గాజు ముక్కల రూపంలో కనిపిస్తుంది.

ఇప్పుడు ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్. అందరూ పేల్చి చూడాలనుకునేది దీన్నే. ఎందుకు పేలుతుందో తెలిస్తే సరదా కంటే గౌరవమే ఎక్కువవుతుంది. లోపల అల్యూమినియం రేకు మీద ఆక్సైడ్ పొర ఉంటుంది. ఆ పొర మందం ఒక్కో వోల్టుకి నానోమీటరున్నర కూడా ఉండదు. 16 వోల్టుల కెపాసిటర్‌లో మీ వోల్టేజీని ఆపుతున్నది ఆ కాస్త పొరే. వోల్టేజీ హద్దు దాటితే లీకేజీ పెరుగుతుంది, లీకేజీ వల్ల వేడి, వేడి వల్ల మరింత లీకేజీ. లోపలి ద్రవం విడిపోయి హైడ్రోజన్ పుడుతుంది, మిగతాది ఆవిరవుతుంది. తిరగేసి పెడితే ఒకటిన్నర వోల్టు కూడా ఎక్కువే.

ఒకసారి 16 వోల్టుల 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ని పాలీకార్బొనేట్ మూత ఉన్న పెట్టెలో పెట్టి 25 వోల్టులు ఇచ్చి, మీటరు మీద కరెంటు చూస్తూ కూర్చున్నాను. కాసేపు ఏమీ జరగలేదు. కొన్ని మిల్లీఆంపియర్లు, అంతే. తర్వాత అంకె పాకడం మొదలైంది. 20, 35, 60. పైన రేకు మీద కోసి ఉండే అడ్డగీతలు చూశారు కదా, అవి అలంకారం కాదు, పగలాల్సిన చోటు. చదునుగా ఉన్న ఆ పైభాగం నిదానంగా గోపురంలా లేచింది. గీత వెంట వెంట్రుకంత చీలిక, బుస్సుమని చప్పుడు, తెల్లటి ఆవిరి, చేపల కంపు లాంటి ఘాటైన వాసన. డబ్బా పేలలేదు. పేలకూడదనే ఆ గీతలు పెట్టారు. అదే చిన్న డబ్బాలకి ఆ గీతలు ఉండవు. అవి అడుగున ఉన్న రబ్బరు బిరడాని తన్నేసి తూటాలా లేస్తాయి. చిన్నదే కదా అని మూత తీసి వంగి చూడకండి. మూత, కళ్లద్దాలు, కిటికీ తెరిచిన గది, ఇవి లేకుండా మొదలుపెట్టొద్దు. ఆవిరి పీల్చొద్దు. అది చల్లిన ద్రవాన్ని చేత్తో తుడవొద్దు.

టాంటలం కెపాసిటర్లు ఇంత సమయం ఇవ్వవు. షార్టయి, సప్లై దగ్గర కరెంటు ఉంటే మంటతో కాలతాయి. పాత రకం టాంటలంని రాసిన వోల్టేజీలో సగానికే వాడమనే అలవాటు అందుకే వచ్చింది. ఎల్‌ఈడీలు, చిన్న ట్రాన్సిస్టర్లు కాల్చి చూడటంలో నేర్చుకునేది తక్కువ. లోపలి సన్నతీగ తెగితే ఓపెన్, చిప్ కరిగితే షార్ట్, అన్నీ రెప్పపాటులో. మోస్‌ఫెట్ ఒక్కటే ప్రత్యేకం. అది పోతే మూడు కాళ్లూ (గేటు, డ్రెయిన్, సోర్సు) కలిసిపోతాయి, దాంతో గేటు రెసిస్టరుని, దాన్ని నడిపే కంట్రోల్ ఐసీని, సోర్సు దగ్గరున్న తక్కువ ఓమ్‌ల సెన్స్ (కరెంటు కొలిచే) రెసిస్టరుని కూడా తనతో తీసుకుపోతుంది. మోస్‌ఫెట్ ఒక్కదాన్నే మార్చి ఆన్ చేస్తే కొత్తదీ పోతుంది. నేనూ మొదట్లో రెండు మూడుసార్లు పోగొట్టుకున్నాను.

ఇక గుర్తుండిపోయిన సప్లైలు.

మొదటిది ఒక కంప్యూటర్ సప్లై. వెనక 115, 230 అని ఎర్ర స్విచ్ ఉండే పాత రకం. తుడుస్తూ ఎవరో దాన్ని 115కి జరిపారు, 230 లైనుకి తగిలించి ఆన్ చేశారు. ఆ స్విచ్ చేసే పని ఏమిటంటే, 115 దగ్గర లోపలి రెక్టిఫయర్‌ని (ఏసీని డీసీగా మార్చే భాగం) వోల్టేజ్ డబ్లర్‌గా, అంటే వోల్టేజీని రెట్టింపు చేసేదిగా మారుస్తుంది. 230 వోల్టుల ఏసీకి పీక్ 325. డబ్లర్‌లో అది 650 అవుతుంది. లోపల వరసగా పెట్టిన రెండు కెపాసిటర్లు ఒక్కోటి 200 వోల్టులవి, ఒక్కోదాని మీద 325 పడ్డాయి. నా దగ్గరికి వచ్చేసరికి లోపలంతా దూదిలా చిరిగిన కాగితం, ఫ్యూజు నల్లగా అద్దం, రెండు స్విచింగ్ ట్రాన్సిస్టర్లూ షార్ట్. చప్పుడికి పక్క గదిలోవాళ్లు కూడా పరుగెత్తుకొచ్చారట. అయినా నాకు అది గుర్తుండిపోయింది ఆ విధ్వంసం వల్ల కాదు. సెకండరీ వైపు ఒక్కో భాగమూ కొలుచుకుంటూ పోయాను, ఒక్కటీ పోలేదు. కంప్యూటర్‌లో ఒక్క చిప్ కూడా చెక్కుచెదరలేదు. ట్రాన్స్‌ఫార్మర్‌కి అవతల జరిగింది ట్రాన్స్‌ఫార్మర్‌కి అవతలే ఆగిపోయింది. అంత ఘోరంగా కనిపించిన సప్లై తన పని పూర్తిగా చేసి పోయింది.

రెండోది దీనికి పూర్తిగా వ్యతిరేకం. రేడియో సెట్టుకి వాడే 13.8 వోల్టుల లీనియర్ సప్లై. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్, హీట్‌సింక్ మీద 2ఎన్3055 పవర్ ట్రాన్సిస్టర్లు. పొగ లేదు, వాసన లేదు, ఫ్యూజు పోలేదు, ముందున్న దీపం చక్కగా వెలుగుతోంది. రేడియో మాత్రం చచ్చిపోయింది. మీటరు పెడితే ఔట్‌పుట్‌లో 22 వోల్టులు. ట్రాన్సిస్టర్లలో ఒకటి కలెక్టర్ నుంచి ఎమిటర్‌కి షార్టయింది. రెగ్యులేటర్ ఎంత తగ్గించాలని చూసినా తగ్గించడానికి దారి లేదు, ఫిల్టర్ కెపాసిటర్ మీదున్న వోల్టేజీ మొత్తం తిన్నగా సెట్టులోకి పోయింది. ఫ్యూజు ఎందుకు పోలేదంటే, సెట్టు లాగిన కరెంటు ఫ్యూజు హద్దు లోపలే ఉంది. చచ్చేదాకా మామూలు కరెంటే లాగింది. ఆ సెట్టు యజమాని దాన్ని ఎన్నో ఏళ్లు పైసా పైసా కూడబెట్టి కొనుక్కున్నాడు. "సప్లై బాగానే ఉంది కదా" అని అతను మళ్లీ మళ్లీ అడుగుతుంటే నాకు నోట మాట రాలేదు.

ఆ సప్లైకి నేను క్రోబార్ (వోల్టేజీ హద్దు దాటగానే ఔట్‌పుట్‌ని షార్ట్ చేసి ఫ్యూజుని పోగొట్టే రక్షణ) పెట్టాను. పెద్ద సర్క్యూట్ ఏం కాదు. ఔట్‌పుట్‌కి అడ్డంగా ఒక 25 ఆంపియర్ల ఎస్‌సీఆర్ (గేటుకి సంకేతం అందగానే కరెంటుని వదిలే స్విచ్ లాంటి భాగం), దాని గేటుకి 15 వోల్టుల జీనర్ (ఆ వోల్టేజీ దాటితేనే కరెంటు వదిలే డయోడు). ఫ్యూజుని ఫిల్టర్ కెపాసిటర్‌కీ ట్రాన్సిస్టర్లకీ మధ్య పెట్టాలి, ఇది మర్చిపోతే కెపాసిటర్‌లో ఉన్నదంతా ఎస్‌సీఆర్ మీద పడుతుంది. అది నిజంగా పనిచేస్తుందో లేదో ఎలా తెలుస్తుంది? మీరు అడిగిన కావాలని ఓవర్‌లోడ్ చేయడం ఇక్కడే పనికొచ్చింది. రేడియోకి బదులు కారు హెడ్‌లైట్ బల్బు తగిలించి, స్కోప్ (వోల్టేజీని గీతగా చూపించే ఆసిలోస్కోప్) పెట్టి, ట్రాన్సిస్టరు కలెక్టర్‌ని ఎమిటర్‌కి మందమైన తీగతో కలిపాను. స్కోప్ మీద గీత 13.8 దగ్గర నుంచి లేచి 15.8 దాకా వెళ్లింది, అక్కడి నుంచి నిట్టనిలువుగా ఒక వోల్టు దగ్గరికి కూలింది. టప్‌మని ఫ్యూజు. బల్బు ఆరిపోయింది. ఎస్‌సీఆర్ గోరువెచ్చగా కూడా లేదు. కొత్త ఫ్యూజు వేసి మరో రెండుసార్లు అదే పని చేశాను. మూడుసార్లూ అదే గీత వచ్చాకే అతనికి ఇచ్చాను. రక్షణ సర్క్యూట్ పెట్టి, ఒక్కసారి కూడా దాన్ని పనిచేయించి చూడకుండా బిగించేయడం నాకు ఇప్పటికీ నచ్చదు.

మూడోదాన్లో చప్పుడూ లేదు, కాలిందీ లేదు. ఏళ్ల తరబడి రాత్రీ పగలూ నడిచిన ఒక పరికరాన్ని సెలవులకని ఆపారు. మళ్లీ ఆన్ చేస్తే రాలేదు, టిక్ టిక్ అని సన్నగా చప్పుడు మాత్రం. కంట్రోల్ ఐసీ యూసీ3842. ఆ ఐసీ 16 వోల్టుల దగ్గర మేలుకుంటుంది, 10కి పడిపోతే మళ్లీ పడుకుంటుంది. మెయిన్స్ నుంచి పెద్ద విలువ రెసిస్టరు ఒకటి 47 మైక్రోఫారడ్ల చిన్న కెపాసిటర్‌ని నిదానంగా 16 దాకా నింపుతుంది. ఐసీ లేచాక ట్రాన్స్‌ఫార్మర్‌లోని ఆక్జిలరీ వైండింగ్ (ఐసీకి కరెంటిచ్చే అదనపు చుట్టు) అందుకునేదాకా ఆ కెపాసిటర్‌లో ఉన్నదే దానికి ఆహారం. కెపాసిటర్ ఎండిపోయి 47 కాస్తా 3 అయింది. ఐసీ లేచేది, వెంటనే 10కి పడిపోయేది, మళ్లీ నింపుకునేది. ఆ టిక్ టిక్ అదే. నడుస్తున్నంత కాలం ఎవరికీ తెలియలేదు, నడుస్తున్నప్పుడు దాని అవసరం పెద్దగా లేదు. హెయిర్ డ్రయ్యర్‌తో ఆ ఒక్క కెపాసిటర్‌నీ వేడిచేస్తే సప్లై లేచి కూర్చుంది. అంతకంటే ఖచ్చితమైన రుజువు అక్కర్లేదు.

అది ఎందుకు ఎండింది? వేడి రెసిస్టరు పక్కనే అతుక్కుని ఉంది. 105 డిగ్రీల దగ్గర 2000 గంటలని రాసిన కెపాసిటర్‌కి ప్రతి 10 డిగ్రీలు తగ్గినప్పుడల్లా ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది. 65 డిగ్రీల దగ్గర 32,000 గంటలు, అంటే రాత్రీ పగలూ నడిస్తే మూడున్నరేళ్ల పైచిలుకు. పక్కన రెసిస్టరు దాన్ని 85కి తీసుకెళ్తే 8,000 గంటలు, ఏడాది కూడా నిండదు. సెంటీమీటరు జరిపి పెట్టి ఉంటే సరిపోయేది. కొత్త కెపాసిటర్‌ని నేను పొడవు కాళ్లతో వంచి, రెసిస్టరుకి దూరంగా పెట్టాను. ఇదీ ఓవర్‌లోడే. ఎవరూ కావాలని చేయనిది, ఏళ్ల మీద జరిగేది.

మెయిన్స్ వైపు ప్రయోగాల గురించి ఒక్క మాట గట్టిగా చెబుతాను: ఒంటరిగా చేయొద్దు. అనుభవం ఉన్నవాళ్లు పక్కన ఉంటే, పోయిన సప్లైని మొదటిసారి ఆన్ చేసేటప్పుడు సిరీస్ బల్బు (మెయిన్స్ తీగలో సప్లైకి వరసగా కలిపే బల్బు) పెట్టండి. ఫిలమెంట్ బల్బే పెట్టాలి, ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు. 230 వోల్టుల 100 వాట్ల బల్బు పూర్తిగా వెలిగినప్పుడు 529 ఓమ్‌లు, చల్లగా ఉన్నప్పుడు అందులో పదో వంతు కూడా ఉండదు. సప్లై బాగుంటే బల్బు ఒక్కసారి మెరిసి మసకబారుతుంది. షార్ట్ ఉంటే నిండుగా వెలుగుతుంది, మీ కొత్త మోస్‌ఫెట్ బతికిపోతుంది. బల్బు షాక్ నుంచి మాత్రం కాపాడదు. తీసేశాక కూడా ప్రైమరీ కెపాసిటర్‌ని నమ్మొద్దు. 325 వోల్టుల దగ్గర 220 మైక్రోఫారడ్లంటే 11 జౌళ్ల పైనే. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకుండా 2.2 కిలో ఓమ్‌ల 10 వాట్ల రెసిస్టరుని ఇన్సులేట్ చేసిన ప్రోబులతో ఐదు సెకన్లు ఆనించి, ఆ తర్వాత మీటరుతో చూసి, సున్నా అనిపించాకే చెయ్యి పెట్టండి.

చివరగా మీ అడాప్టరు. పొగ వచ్చేదాకా లాగడం కంటే మంచి ప్రయోగం ఒకటుంది. మెయిన్స్ నుంచి తీసేసి, ప్రైమరీ వైండింగ్ రెసిస్టెన్స్ చల్లగా ఉన్నప్పుడు కొలవండి. రాగి రెసిస్టెన్స్ గది వేడి దగ్గర డిగ్రీకి 0.39 శాతం పెరుగుతుంది. రేటెడ్ లోడు పెట్టి గంటసేపు వదలండి, ప్లగ్ తీసేసి వెంటనే మళ్లీ కొలవండి. మొదట 400 ఓమ్‌లు, తర్వాత 480 ఉంటే 20 శాతం పెరిగింది, అంటే వైండింగ్ సుమారు 51 డిగ్రీలు వేడెక్కింది. గది 30 అయితే లోపల 81. ఇప్పుడు లోడు పది శాతం పెంచి మళ్లీ గంట. ట్రాన్స్‌ఫార్మర్ నిదానంగా వేడెక్కుతుంది కాబట్టి ఐదు నిమిషాలకే "ఏం కాలేదు" అని పెంచుకుంటూ పోవద్దు. బి క్లాసు ఇన్సులేషన్ హద్దు 130 డిగ్రీలు. దాని మీద క్లాసు రాసి లేకపోతే నేను 100 దగ్గరే ఆపేస్తాను. ఏదో ఒక గంటలో రెసిస్టెన్స్ అసలు చూపించకుండా ఓపెన్ అయిందనుకోండి, చాలావరకు టేపు కింద ఉన్న థర్మల్ ఫ్యూజు పోయి ఉంటుంది. దాన్ని తీగతో కలిపేసి మళ్లీ వాడకండి. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌లో ముందు పోవడానికి పెట్టింది దాన్నే.